జీడితోటలో చీమల పరిశోధన: కాలనీలు లెక్కించడం దగ్గర్నుంచి వంతెన ప్రయోగం దాకా

చీమల మీద ప్రాజెక్టు మొదలుపెట్టేవాళ్ళు ముందుగా అడిగేది "ఎన్ని చీమలు పట్టాలి?" అని. అడగాల్సింది "ఎన్ని కాలనీలు దొరుకుతాయి?" అని. ఒకే గూటి నుంచి 200 చీమల్ని పరీక్షిస్తే చేతికొచ్చేది 200 కొలతలు కాదు, ఒక్క కొలత. ఆ 200 ఒకే రాణి బిడ్డలు, ఒకే వాసన మోసేవి, ఒకే దారి పట్టేవి. ఉద్దానం జీడితోటలో చేసినా, విజయనగరం మామిడితోపులో చేసినా, ఇంటి వరండాలో చేసినా చీమల ప్రయోగాలు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే. కింద చెప్పే పద్ధతులన్నీ ఈ లెక్కను తప్పకుండా చూసుకుంటాయి.

చీమలే ఎందుకంటే, పేర్లు పెట్టిన జాతులు 14,000 దాటాయి, అన్నీ గుంపుగా బతికేవే. ఆడచీమ ఫలదీకరణ జరిగిన గుడ్డు నుంచి పుడుతుంది, మగచీమ ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి పుడుతుంది. కాబట్టి రాణి ఒకే మగచీమతో కలిసినప్పుడు ఆ అక్కచెల్లెళ్ళ మధ్య బంధుత్వం నాలుగింట మూడు వంతులు. 1964లో జీవశాస్త్రవేత్త హామిల్టన్ బంధువుల ఎంపిక సిద్ధాంతం (బంధువులకు సాయపడడం కూడా తన జన్యువుల్ని నిలబెట్టుకోవడమే అన్నది) చెప్పినప్పుడు ఈ లెక్క అందులో పెద్ద ఉదాహరణ. రాణి, కూలిచీమ ఒకే జన్యువులతో రెండు రకాల జీవితం గడపడం మరో ఆకర్షణ. 2010లో మొదటిసారి రెండు చీమల జన్యుక్రమాలు వెలువడ్డాయి. వాటిలో ఒకటి మన దేశపు గెంతుచీమ హార్పెగ్నాథస్ సాల్టేటర్. దాన్ని 1851లో వర్ణించిన జెర్డన్ మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యుడు. 2017లో క్రిస్పర్ అనే జన్యువుల్ని కత్తిరించే పద్ధతితో చీమల్లో వాసన పసిగట్టే జన్యువునే తీసేశారు. ఆ పనికి పెద్ద ల్యాబు కావాలి. తోటలో చేయగలిగేవి వేరు, వాటి విలువ తక్కువేమీ కాదు.

ఏ ప్రశ్నకి ఏ చీమ

ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమ ఈకోఫిల్లా స్మరాగ్డినా జీవావరణ ప్రశ్నలకు సరైన జీవి. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, కవిటి వైపు జీడిచెట్ల మీదా, విజయనగరం జిల్లా మామిడి మీదా వెతికితే దొరుకుతుంది. గూళ్ళు కంటికి కనిపిస్తాయి, సరిహద్దుల మీద కొట్లాటలు పగలే జరుగుతాయి. ఇంట్లో పెంచడానికి మాత్రం వద్దు. దానికి బతికిన ఆకు కావాలి, తప్పించుకోవడంలో దాన్ని మించింది లేదు.

పెంచడానికి గండుచీమ, అంటే నల్లగా పెద్దగా ఉండే కాంపొనోటస్ కంప్రెసస్. రాణి పెద్దది, గుర్తుపట్టడం తేలిక, మొదటి కూలిచీమలు వచ్చేదాకా తిండి కూడా అడగదు. దారి వాసన మీద ప్రయోగాలకు బెల్లం ముక్క పెడితే గంటలోపు సన్నని బారు కట్టే చిన్న చీమ ఏదైనా పనికొస్తుంది. పేరు తర్వాత తేల్చుకోవచ్చు. వలస, నాయకత్వం, రాణి లేని సంఘం లాంటి ప్రశ్నలకు ఒంటరిగా తిరిగే నల్లచీమ డయాకమ్మా.

మొదటి ప్రాజెక్టుకు రెండింటిని వదిలేయండి. ఒకటి నిప్పుచీమ సొలెనాప్సిస్ జెమినేటా. గట్ల మీద, ఎండ తగిలే నేలలో ఉంటుంది, అడుగు పడగానే గుంపుగా కుడుతుంది. రెండోది చెట్టు కాండాల్లో ఉండే టెట్రాపొనెరా రూఫోనైగ్రా. తల, పొట్ట నలుపు, మధ్యభాగం ఎరుపు, పొడుగ్గా సన్నగా ఉంటుంది. దాని కాటు కందిరీగ కాటుకు తీసిపోదు. కుట్టిన చోట సబ్బు నీళ్ళతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, ఊపిరి అందకపోయినా ఇంటి వైద్యం మీద కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆకుగూటి ఎర్రచీమకు కొండి లేదు. కొరికి, ఆ గాయం మీద ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. కొమ్మల కింద తలెత్తి చూసేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి.

తోట యజమానిని అడగకుండా దిగొద్దు. అడిగేటప్పుడే గత మూడు నెలల్లో ఏ మందు, ఏ తేదీన కొట్టారో రాసుకోండి. పూత మీద మందు పడిన తోటలో చీమల లెక్కకు అర్థం ఉండదు. రిజర్వు ఫారెస్టులో నమూనా తీయాలంటే అటవీశాఖ అనుమతి కావాలి.

తోటలో కాలనీల పటం

ఒక ఆకుగూటి కాలనీ పదుల గూళ్ళలో, ఎన్నో చెట్ల మీద పరుచుకుని ఉంటుంది. పెద్దవాటిలో చీమలు అయిదు లక్షలు కూడా దాటుతాయి. రాణి సాధారణంగా ఒక్కతే, ఏదో ఒక చెట్టు పైకొమ్మల్లో ఉంటుంది. గూటిని కాలనీగా లెక్కిస్తే తోటలో 80 కాలనీలు ఉన్నట్టు కనిపిస్తుంది, నిజానికి ఆరో ఏడో ఉండొచ్చు. కాబట్టి ఏ ప్రయోగానికైనా ముందు పటం గీయాలి.

ఒక ఎకరం ఎంచుకుని చెట్లకు నంబర్లు కట్టండి. కాండం మీద మేకులు కొట్టొద్దు, రంగు గుడ్డముక్క చాలు. ప్రతి చెట్టుకీ కాండం మీద ఎర్రచీమలు నడుస్తున్నాయా, పచ్చగా ఉన్న గూళ్ళు ఎన్ని, ఎండిపోయినవి ఎన్ని, పక్కచెట్టు కొమ్మ తాకుతోందా అన్నది రాయండి. ఎండిన గూడు చాలాసార్లు ఖాళీదే. కర్రతో మెల్లగా తట్టితే బతికిన గూటి నుంచి చీమలు పొట్ట పైకెత్తి బయటకు వస్తాయి.

ఆ తర్వాత కొట్లాట పరీక్ష. ఉదయం 7 నుంచి 10 మధ్య, వాన లేనప్పుడు చేయాలి. మధ్యాహ్నపు ఎండలో నడక తగ్గుతుంది, ఫలితం మారుతుంది.

మొదట 1వ చెట్టు దారి మీద నుంచి పెద్ద కూలిచీమ ఒకదాన్ని ఎండుపుల్ల మీదకి ఎక్కనివ్వండి. పట్టకారుతో పట్టొద్దు. నలిగిన చీమ దవడ గ్రంథుల నుంచి ప్రమాద వాసన విడుస్తుంది, అవతలి చీమలు ఆ వాసనకు రెచ్చిపోతాయి, మీరు శత్రుత్వం అని రాసుకుంటారు. పుల్లను 2వ చెట్టు దారి మీద ఆనించి, ఆ చీమ దానంతటదే దిగేదాకా ఆగండి. దిగినప్పటి నుంచి 3 నిమిషాలు చూసి అంకె వేయండి: పట్టించుకోకపోతే 0, మీసాలతో ఆగి తడిమితే 1, దవడలు తెరిచి వెనక్కి తగ్గితే లేదా తరిమితే 2, కాలో మీసమో పట్టి లాగితే 3, నాలుగువైపులా సాగదీసి కదలకుండా చేస్తే 4. ఇదే పరీక్షను 2 నుంచి 1 వైపు తిప్పి చేయండి. జతకు ఒక్కో వైపు అయిదుసార్లు, ప్రతిసారీ కొత్త చీమతో, కొత్త పుల్లతో.

వీటితో పాటు సొంత చీమ పరీక్ష ఒకటి ఉండాలి. 1వ చెట్టు చీమనే పుల్ల ఎక్కించి, గాల్లో అంతే సేపు ఉంచి, తిరిగి 1వ చెట్టు మీదకే దించండి. దానికి 0, 1 కాకుండా 2 వస్తోందంటే తప్పు మీ చేతుల్లో ఉంది: చెమట, సబ్బు, దోమల మందు, పాత పుల్ల. ఇది సరిచేసుకోకుండా ముందుకు పోవద్దు.

చీమల ఒంటి మీది మైనంలాంటి హైడ్రోకార్బన్ల మిశ్రమమే వాటి గుర్తింపు కార్డు. అది కాలనీ కాలనీకి తేడా. అందుకే సగటు 3 దాటిన జతలను వేరే కాలనీలుగా, 1 లోపు ఉన్నవాటిని ఒకే కాలనీగా గీయొచ్చు. మధ్యలో పడినవి మరో రోజు మళ్ళీ చూడాలి. సరిహద్దు చెట్ల మీది చీమలు లోపలి చెట్ల చీమల కంటే కోపిష్టివి. ఈ జాతిలో సరిహద్దు గూళ్ళలో కాపలా కాసేవి ఎక్కువగా ముసలి కూలిచీమలు, పిల్లల్ని సాకేవి లోపల ఉంటాయి. కాబట్టి పోల్చే రెండు చెట్లలోనూ చీమల్ని ఒకేలాంటి చోట, కాండం మీద ఛాతీ ఎత్తున తీసుకోవడం మేలు.

పటం పూర్తయ్యాక తోటలో ఎవరికీ చెందని చెట్లు కొన్ని తేలతాయి. వాటి మీద వేరే చీమలు కాపురం ఉంటాయి: పొట్ట హృదయాకారంలో ఉండి వీపు మీదకి ఎత్తే క్రెమటోగాస్టర్, కాళ్ళు పొడుగ్గా పసుపు రంగులో పిచ్చిగా పరుగెత్తే అనోప్లొలెపిస్ గ్రాసిలిపెస్. ఈ రెండోది ప్రపంచమంతటా చొరబాటుదారుగా పేరుమోసింది, కనిపిస్తే తప్పక నమోదు చేయండి. 2018 అక్టోబరు తిత్లీ తుపానులో ఉద్దానం చెట్లు నేలకొరిగాయి. ఆ తర్వాత కొత్తగా నాటిన తోటల్లో కొమ్మలు ఇంకా ఒకదాన్నొకటి తాకని చోట్లు ఉంటాయి, పక్కనే పాత చెట్లు కలిసిపోయిన తోటలూ ఉంటాయి. కొమ్మలు తాకడం వల్ల కాలనీ ఎంత దూరం పాకుతుందో చూడాలనుకునేవారికి ఇంతకంటే మంచి పోలిక దొరకదు.

చీమలున్న చెట్టు, లేని చెట్టు: టీ దోమ లెక్క

నారింజ తోటల్లో ఎర్రచీమ గూళ్ళు కట్టి పురుగుల్ని అదుపు చేయడం గురించి చైనాలో 4వ శతాబ్దం తొలినాళ్ళదిగా చెప్పే గ్రంథంలో ఉంది. మన జీడికి పెద్ద శత్రువు టీ దోమ, పేరుకి దోమే గానీ నిజానికి రసం పీల్చే నల్లి జాతి పురుగు. లేత కొమ్మ, పూత, పిందె నుంచి రసం పీల్చి నల్లమచ్చలు పెడుతుంది, కొమ్మ చివర్లు ఎండిపోతాయి. ఎర్రచీమలు దాన్ని తగ్గిస్తాయా అన్నది ఒక్క సీజన్లో తేల్చుకోగల ప్రశ్న.

పటంలోని ప్రతి కాలనీ నుంచి రెండు చెట్లు తీసుకోండి. వయసు, ఎత్తు, రకం దగ్గరగా ఉండాలి. నాణెం ఎగరేసి ఒకటి చీమలు తీసేసే చెట్టు, మరొకటి ఉంచే చెట్టు అని నిర్ణయించండి. ఏ చెట్టుకి తీయడం తేలికో చూసి ఎంచుకుంటే చిన్న చెట్లన్నీ ఒకవైపు చేరిపోతాయి. జతలు కనీసం 6 కావాలి, 8 ఉంటే మంచిది. దీనికి కారణం లెక్కలో ఉంది. జతల తేడాలను పోల్చే విల్కాక్సన్ గణాంక పరీక్ష చేస్తే, 5 జతల్లో అన్నీ ఒకేవైపు మొగ్గినా అది కేవలం యాదృచ్ఛికంగా జరిగే సంభావ్యత 0.0625 దగ్గరే ఆగుతుంది, మామూలుగా హద్దుగా పెట్టుకునే 0.05 కిందకి రాదు. 6 జతలైతే 0.031, 8 అయితే 0.008 దాకా వెళ్ళొచ్చు. చెట్టుకి వెయ్యి కొమ్మలు లెక్కపెట్టినా జతల కొరత తీరదు.

నవంబరులో, పూత రాకముందే పట్టీలు కట్టాలి. చీమలు తీసే చెట్టుకి తెల్లవారుజామున గూళ్ళు కత్తిరించి మూత ఉన్న బకెట్లో వేసి, అదే కాలనీకి చెందిన మూడో చెట్టు మొదట్లో వదలండి. పక్కచెట్లను తాకే కొమ్మలు, నేలను తాకే కొమ్మలు నరకాలి. కాండానికి నడుమెత్తున 12 సెంటీమీటర్ల వెడల్పు ప్లాస్టిక్ షీటు చుట్టి, కింద సందుల్లో దూది కుక్కి, దాని మీద గ్రీజు పూయండి. బెరడు మీద నేరుగా పూస్తే చెట్టు దెబ్బతింటుంది. ఎలుకల జిగురు బాగా పట్టుకుంటుంది గానీ బల్లులు, తొండలు కూడా అతుక్కుపోతాయి. అవి కూడా పురుగుల్ని తినేవే కనుక మీ ఫలితమే మారిపోతుంది.

చీమలు ఉంచే చెట్టుకీ ఇవే పనులు చేయాలి, చీమలకు దారి వదలాలి. కొన్ని ఖాళీ ఆకుగుత్తులు కత్తిరించండి, కొమ్మలు అంతే నరకండి, షీటు చుట్టి సగం చుట్టుకొలతకే గ్రీజు పూయండి. ఇది చేయకపోతే తేడా చీమల వల్ల వచ్చిందా, కొమ్మలు నరకడం వల్ల వచ్చిందా అని ఎవరైనా అడిగితే జవాబు ఉండదు. చీమల్ని మందు కొట్టి చంపడం అసలే కుదరదు, ఆ మందుకు దోమ కూడా చస్తుంది.

15 రోజులకోసారి మార్చి దాకా లెక్క తీయండి. చెట్టుకి నాలుగు దిక్కులా 13 చొప్పున 52 కొమ్మచివర్లు. మచ్చ లేకపోతే 0, మూడు మచ్చల దాకా 1, నాలుగు నుంచి ఆరు అయితే 2, అంతకు మించితే 3, చివరంతా ఎండితే 4. లెక్క తీసేవారికి ఏది ఏ చెట్టో తెలియకపోతే మంచిది. పట్టీ చూస్తే తెలిసిపోతుంది కనుక, కొమ్మల ఫొటోలు తీసి మరొకరితో అంకెలు వేయించండి. పిండినల్లి, పొలుసు పురుగులు కూడా అదే కొమ్మల మీద లెక్కపెట్టండి. చీమలు తేనెమంచు, అంటే అవి విసర్జించే తీపి రసం కోసం వాటిని కాపాడతాయి, టీ దోమ తగ్గి పిండినల్లి పెరిగితే రైతుకు చెప్పాల్సిన మాట మారుతుంది.

పట్టీని వారానికోసారి చూడాలి. దుమ్ము, ఎండుటాకు, సాలీడు దారం, ఏదో ఒకటి వంతెన కడుతుంది. ఎండకు గ్రీజు కారిపోతే మళ్ళీ పూయండి. "తీసిన" చెట్టు మీద చీమలు కనిపించిన తేదీలు రాయాలి, దాచొద్దు. రైతులు చీమల్ని తిట్టుకునేది కోతప్పుడే. జీడిపిక్క రాలాక నేల మీద ఏరుకునే పంట కాబట్టి మామిడితో పోలిస్తే ఈ బాధ తక్కువ. మామిడితోపులో చేసేవారు కోతకు పదిరోజుల ముందే యజమానితో మాట్లాడి ముగించుకోవాలి.

రాణి నుంచి కాలనీ: గండుచీమ పెంపకం

తొలకరి వానలు పడిన సాయంత్రాల్లో, మరుసటి ఉదయం వీధిదీపాల కింద, గోడల వెంబడి ఒంటరిగా నడిచే పెద్ద చీమల కోసం చూడండి. రాణికి మధ్యభాగం ఉబ్బి వెడల్పుగా ఉంటుంది, రెక్కలు ఊడిన చోట చిన్న మచ్చలు ఉంటాయి. పెద్ద తల ఉన్న కూలిచీమను రాణి అనుకోవడం తరచూ జరిగే పొరపాటు. దాని మధ్యభాగం సన్నగా ఉంటుంది, రెక్కల మచ్చలు ఉండవు. ఇంకా రెక్కలున్నది పట్టుకుంటే ఫలదీకరణ జరిగిందో లేదో తెలియదు, ఊడిపోయినవాటినే తీసుకోండి.

15 సెంటీమీటర్ల పొడవు, 16 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న పరీక్షనాళికలో మూడోవంతు కాచి చల్లార్చిన నీళ్ళు పోయండి. నీళ్ళకు తగిలేలా దూది గట్టిగా నొక్కండి, అవతలి వైపు తడి తెలియాలి గానీ నీళ్ళు కారకూడదు. రాణిని వదిలి నోటికి వదులుగా దూది పెట్టండి. నాళికకు నల్ల కాగితం చుట్టి, జనం నడక లేని చోట, 26–30 డిగ్రీల మధ్య ఉంచండి. మేలో మన ఇళ్ళు 38 దాటుతాయి, కాబట్టి నేల గదిలో కుండ పక్కన తడిగుడ్డ కప్పిన పెట్టెలో పెట్టాలి. వారానికి ఒక్కసారే, ఎరుపు కాగితం అడ్డుపెట్టిన దీపంతో చూడండి. చీమలకు ఎరుపు సరిగా కనిపించదు.

తిండి పెట్టొద్దు. ఎగిరే కండరాలు కరిగించుకుని ఆ బలంతోనే రాణి మొదటి పిల్లల్ని సాకుతుంది. తేనె చుక్క పెడితే బూజు పడుతుంది. మన వేడిలో మొదటి చిన్న కూలిచీమలు అయిదారు వారాల్లో వస్తాయి. గుడ్లు కనిపించి మాయమైతే మూడు కారణాలు చూడాలి: నాళికను ఊరికే కదపడం, ఎక్కువ వేడి, ఫలదీకరణ జరగని రాణి. మొదటి రెండూ సరిచేశాక కూడా నెలలోపు లార్వా కనిపించకపోతే ఆ రాణిని పట్టిన చోటే వదిలేయండి. పది రాణులతో మొదలుపెడితే నాలుగైదు నిలబడడం మంచి ఫలితమే. అందుకే ప్రయోగానికి కావాల్సిన కాలనీలకు రెట్టింపు రాణుల్ని పట్టుకోవాలి.

కూలిచీమలు పది దాటాక వారానికి రెండు మూడుసార్లు తేనె చుక్క, రెండుసార్లు చెదపురుగు ముక్క చాలు. మందు కొట్టిన తోట పురుగులు ఇస్తే కాలనీ మొత్తం పోతుంది. ప్రయోగాల్లో అన్ని కాలనీలకూ ఒకే తిండి ఉండాలంటే 1970లో భట్కర్, విట్‌కోంబ్ ఇచ్చిన ఆహారం నేటికీ వాడుతున్నారు: గుడ్డు 1, తేనె 62 మి.లీ., విటమిన్–ఖనిజ పొడి 1 గ్రాము, అగార్ (సముద్రపు నాచు నుంచి తీసే, గడ్డకట్టించే పొడి) 5 గ్రాములు, నీళ్ళు 500 మి.లీ. సగం నీళ్ళలో అగార్ మరిగించి చల్లారనివ్వాలి. మిగతా నీళ్ళలో గుడ్డు, తేనె, పొడి గిలక్కొట్టి రెండూ కలిపి పళ్ళాల్లో అర సెంటీమీటరు మందాన పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. అగార్ మరీ వేడిగా ఉండగా కలిపితే గుడ్డు ఉడికి ముద్దలవుతుంది.

30 చీమలు దాటాక ప్లాస్టర్ గూటికి మార్చండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ రెండు పాళ్ళు, నీళ్ళు ఒక పాలు, గుప్పెడు బొగ్గుపొడి. బూడిద రంగు మీద తెల్ల లార్వాలు బాగా కనిపిస్తాయి. గదుల లోతు 6 మిల్లీమీటర్లు, పైన గాజుపలక. మూడు రోజులు పూర్తిగా ఆరాకే వాడాలి. అంచులకు టాల్కం పొడి, స్పిరిటు కలిపి పూస్తే చీమలు జారిపోతాయి. కానీ అక్టోబరు, నవంబరు తుపాను తేమకు ఆ పూత రాలుతుంది. అప్పుడు పాలగిన్నె కింద నీళ్ళ పళ్ళెం పెట్టినట్టే పెట్టె మొత్తాన్ని సబ్బునీళ్ళ ట్రేలో నిలబెట్టడమే నమ్మకమైన పద్ధతి.

రెండు దారుల వంతెన

1989లో గాస్, డెన్యూబోర్గ్, వారి సహచరులు అర్జెంటీనా చీమల ముందు ఒకటి పొట్టి, ఒకటి దానికి రెట్టింపు పొడవున్న దారులు పెట్టారు. ఏ చీమకూ రెండు దారుల పొడవు తెలియకపోయినా కాలనీ పొట్టిదారికి చేరింది. పొట్టిదారిన వెళ్ళినవి ముందే తిరిగొచ్చి ముందే రెండోసారి వాసన పూస్తాయి, ఆ వాసన మరికొన్నింటిని లాగుతుంది, అంతే. కంప్యూటర్ సైన్సులో చీమల కాలనీ అల్గారిథం ఈ ఆలోచన నుంచే పుట్టింది.

అట్టతో 1 సెంటీమీటరు వెడల్పు దారులు కత్తిరించండి. సమాన దారుల వంతెన ఒకటి: రెండూ 15 సెంటీమీటర్లు. అసమాన వంతెన ఒకటి: 15, 30. రెండు చివరలా కొమ్మలు విడిపోయే కోణం రెండువైపులా సమానంగా ఉండాలి. ఒకటి తిన్నగా, మరొకటి పక్కకు ఉంటే చీమలు తిన్నటిదాన్నే పడతాయి, మీరు పొడవు వల్ల అనుకుంటారు. అట్ట మీద తెల్ల కాగితపు పట్టీలు పరచండి, ప్రతి ప్రయోగానికీ కొత్తవి.

కాలనీకి రెండు రోజులు తీపి ఆపండి, నీళ్ళు ఉంచండి. 100 మి.లీ. ద్రావణంలో 34 గ్రాముల చక్కెర ఉండేలా కలిపితే ఒక మోలార్ ద్రావణం. బెల్లం వద్దు, దాని మోతాదు మారుతూ ఉంటుంది. తినే పళ్ళెం అవతల, గూడు ఇవతల. ఫోను పైనుంచి బిగించి 40 నిమిషాలు వీడియో తీయండి. తర్వాత ప్రతి నిమిషానికీ ఒక్కో దారి మధ్యగీత దాటిన చీమల్ని లెక్కించండి. చివరి 10 నిమిషాల్లో 80 శాతానికి పైగా ఒకే దారిన నడిస్తే కాలనీ నిర్ణయించుకుందని రాయండి.

ముందు సమాన వంతెన చేయాలి. చాలా కాలనీలు ఇక్కడ కూడా ఏదో ఒకవైపు ఒరిగిపోతాయి, మొదట్లో అనుకోకుండా వచ్చిన చిన్న తేడాను వాసన పెంచేస్తుంది. ఒక్క కాలనీలో 400 చీమల్లో 350 ఎడమకి వెళ్ళాయని చూసి ఎడమంటే ఇష్టం అని తేల్చేవారు ఉన్నారు. అది ఒక్క నాణెం ఒక్కసారి పడడం లాంటిదే. 10 కాలనీల్లో కొన్ని ఎడమ, కొన్ని కుడి రావాలి. 9 ఒకేవైపు వస్తే సంభావ్యత 0.021, అంటే మీ బల్ల వాలి ఉంది లేదా కిటికీ వెలుతురు ఒకవైపు పడుతోంది. 8 వస్తే 0.109, దాని మీద ఏమీ చెప్పలేం. బల్ల సరిచేశాకే అసమాన వంతెనకు వెళ్ళండి. పొట్టిదారిని సగం కాలనీలకు ఎడమవైపు, సగానికి కుడివైపు పెట్టండి.

మరో రెండు మార్పులు తప్పక చేయదగినవి. మొదటిది, పొడుగుదారి ఒక్కటే అరగంట ఉంచి తర్వాత పొట్టిదారి చేర్చడం. అసలు ప్రయోగంలో అర్జెంటీనా చీమలు పాత వాసనకు కట్టుబడి పొడుగుదారిలోనే ఉండిపోయాయి. కొన్ని జాతులు మాత్రం దారి తప్పుగా తోస్తే మధ్యలో వెనక్కి తిరుగుతాయి, మీ చీమ ఏ బాపతో చూడండి. రెండోది, బారు కుదిరాక ఎడమ కాగితాన్ని కుడికి, కుడిదాన్ని ఎడమకి మార్చడం. చీమలు కాగితం వెంట పోతే వాసన నడిపిస్తోంది, పాత వైపే పోతే జ్ఞాపకం కూడా పనిచేస్తోంది. పని జరగకపోతే, అంటే చీమలు వంతెనే ఎక్కకపోతే, చాలాసార్లు కారణం ఒక్కటే: అట్టకు అంటిన జిగురు వాసన. రెండు రోజులు ఎండలో ఉంచండి.

డయాకమ్మా: గూడు మార్చే కాలనీ

సెంటీమీటరు పొడవు, నల్లటి ఒంటి మీద వేలిముద్ర గీతల్లాంటి చారలు, ఎప్పుడూ ఒంటరిగా తిరుగుతుంది. తోటల్లో, పాత గోడల మొదట్లో గూటి ద్వారం చుట్టూ తరచుగా పుల్లలు, ఈకల ముక్కలు పేర్చి ఉంటాయి. ఆ ఈకల మీద పట్టిన మంచును ఇవి తాగుతాయని మన దేశంలో చూసి 1985లో నమోదు చేశారు. కాలనీ చిన్నది, వందల్లోపే. రాణి ఉండదు. మగచీమతో కలిసిన ఒక కూలిచీమే గుడ్లు పెడుతుంది, కొత్తగా పుట్టినవాటి వీపు మీది చిన్న మొగ్గల్లాంటి అవయవాలను కొరికి తీసేస్తుంది. అవి పోయినవి ఇక మగచీమతో కలవవు. కూలి, రాణి అనే భేదం పుట్టుకతో కాకుండా ఒక్క కాటుతో తేలే సంఘం ఇది. పరిణామం చదివేవారికి ఇంత సూటి ఉదాహరణ అరుదు.

దీనితో చేయదగిన ప్రయోగం వలస. కాలనీని ప్లాస్టర్ గూట్లో రెండు రోజులు కుదురుకోనిచ్చి, చీమలకు రంగుచుక్కలు పెట్టండి. 4 నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే కదలవు. సన్నని తీగ కొనతో మధ్యభాగం పైన ఒక్క చుక్క పెట్టాలి. పక్కల మీద పెడితే ఊపిరి రంధ్రాలు మూసుకుంటాయి. అడుగు దూరం పట్టే ట్రేలో కాకుండా కనీసం మీటరు దూరంలో చీకటిగా ఉన్న కొత్త గూడు పెట్టి, పాత గూటి కప్పు తీసేయండి. కాసేపటికి ఒకటి ముందు, దాని పొట్టను మీసాలతో తడుముతూ మరొకటి వెనక, జతలుగా నడుస్తాయి. ముందు నడిచేది ఎవరు, వెనకది ఎవరు, బయలుదేరిన సమయం, తెగిపోయిన జతలు రాయండి. పెద్దచీమలన్నీ దాదాపు ఇలాగే చేరతాయి, గుడ్లు, లార్వాలు మాత్రం మోసుకొస్తాయి. ఎక్కువ జతల్ని నడిపేది కొన్ని చీమలే అని చూస్తారు. ఆ నాయకుల్ని మధ్యలో తీసేస్తే ఏమవుతుందన్నది సహజంగా వచ్చే రెండో ప్రశ్న. కోల్‌కతాలోని విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌లో ఈ చీమ మీద ఏళ్ళుగా పని జరుగుతోంది, వాళ్ళ వ్యాసాలు చదివి మొదలుపెడితే పాత ప్రశ్ననే మళ్ళీ అడిగే బాధ తప్పుతుంది.

నమూనా, చీటీ, పేరు

ప్రతి కాలనీ నుంచి పది పన్నెండు చీమలు దాచండి, చిన్నా పెద్దా కలిపి. రూపం చూడటానికి 70 శాతం ఆల్కహాలు, డీఎన్‌ఏకి 95 శాతం. శానిటైజర్ జెల్ పనికిరాదు. చీటీ మందపు కాగితం మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది, బయట అంటించిన చీటీ ఊడిపోతుంది. చీటీ మీద జిల్లా, మండలం, ఊరు, జీపీఎస్, తేదీ, చెట్టు లేదా నేల, కాలనీ నంబరు, పట్టినవారి పేరు. కాలనీ నంబరు లేని సీసా ఏ లెక్కకూ రాదు.

గుర్తించడానికి మొదట నడుము చూడండి: మధ్యభాగానికీ పొట్టకూ మధ్య కణుపు ఒకటా రెండా. తర్వాత కొండి ఉందా, పొట్ట చివర గుండ్రటి రంధ్రం ఉందా. ఈ మూడింటితో ఉపకుటుంబం దాకా చేరతారు. 1903లో బింగ్‌హామ్ రాసిన భారతీయ చీమల సంపుటం పాతదే అయినా వర్ణనలకు పనికొస్తుంది. ప్రస్తుత పేర్లకు యాంట్‌వెబ్, యాంట్‌వికీ వెబ్‌సైట్లు చూడాలి. జాతి దాకా నిశ్చయం కాకపోతే ప్రజాతి దగ్గర ఆగి నంబరు ఇవ్వండి.

ప్రయోగం ముగిశాక కాలనీలను పట్టిన తోటలోనే, పట్టిన చోటే వదలాలి. పలాసలో పట్టిన రాణిని బొబ్బిలిలో వదలడం వల్ల అక్కడి చీమలకు రోగాలు, పరాన్నజీవులు అంటుకుంటాయి. బయటి ప్రాంతం నుంచి కొన్న చీమలైతే వదలనే వద్దు, 24 గంటలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, కాలనీ నంబరుతో ఆల్కహాలులోకి చేర్చండి.